ఎడమ పక్క టైర్లు

మా బండికి నాలుగు టైర్లు. కుడి పక్కవి రెండూ బుద్ధిమంతులు, వాటి గురించి చెప్పడానికేమీ లేదు. ఎడమ పక్కవి రెండూ మా ఇంట్లో నెలల తరబడి పంచాయితీ పెట్టాయి. అందులో మా అత్తమ్మ, మా ఆయన, టైర్ల దుకాణం మనిషి, సర్వీసు సెంటరు వాళ్లు తలా ఒక తీర్పు చెప్పారు. ఒక తీర్పులో ముద్దాయిని నేనే.

మాది మేడ్చల్. నేను సర్కారు బడిలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా ఆయన వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టి, ఊరు పెరిగి పొలాల మీదికి వచ్చాక రియల్ ఎస్టేటు మనిషయ్యాడు. శామీర్‌పేట వైపు భూములు తీసుకుని, రాళ్లు పాతి, రోడ్లు వేసి, ప్లాట్లు అమ్ముతాడు. ఆయనకొక సిద్ధాంతం ఉంది. ప్లాటు చూడటానికి వచ్చినవాడు ముందు మన బండిని చూస్తాడు, తర్వాత మనల్ని చూస్తాడు, ప్లాటును ఆఖరున చూస్తాడు. "చిన్న బండ్ల పోతే చిన్న ప్లాటే అడుగుతరు" అంటాడు. ఆ సిద్ధాంతం ప్రకారమే మా ఇంటికి ఈ సెడాన్ వచ్చింది. కంపెనీ పేరు చెప్పను. చెప్తే గొప్పకు చెప్పినట్టుంటుంది. నేను చెప్పకపోయినా మా ఆయన మీకు చెప్పే ఉంటాడు.

బండి వచ్చిన రోజు మైసమ్మ గుడి దగ్గర పూజ చేయించాం. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. పూజారి హారతి పట్టుకుని ముందు నిలబడేసరికి బండి కుయ్యోమని మొత్తుకుంది. ముందు మనిషి ఉంటే అది అలా మొత్తుకుంటుందట, మనం బ్రేకు వెయ్యకపోతే తనే వేసుకుంటుందట. పూజారి పక్కకు జరిగితే గానీ నిమ్మకాయలు తొక్కడానికి ఒప్పుకోలేదు. మస్తు తెలివిగల బండి అని అందరూ మెచ్చుకున్నారు. పూజారి మాత్రం దక్షిణ తీసుకుని బండికి దూరంగా నడిచి పోయాడు.

దాని తెలివితేటలు ఆ తర్వాత ఒక్కొక్కటీ బయటపడ్డాయి. తలుపు ఊరికే దగ్గరికి వేస్తే చాలు, మిగతాది తనే లాక్కుని మూసుకుంటుంది. మా చుట్టాలకు తలుపు ధడేలుమనకపోతే వేసినట్టే ఉండదు కాబట్టి, మూసుకున్న తలుపును మళ్లీ తెరిచి ధడేలుమనిపించి పోయేవాళ్లు. సీట్లు నడుము పిసుకుతాయి. అత్తమ్మను కూర్చోబెట్టి మా ఆయన ముచ్చటగా ఆ బటన్ నొక్కాడు. "ఎన్కకెల్లి ఎవలో మోచేతులతోటి పొడుస్తున్నరురా, ఆపు" అని ఆమె దిగేదాకా ఊరుకోలేదు. నోటితో చెప్తే వినే ఏర్పాటు కూడా ఉంది. మా ఆయన "ఏసీ జెర తక్కువ జెయ్" అన్నాడు. అది కాసేపు ఆలోచించి, ఏదో దేశంలో ఉన్న ఒక ఊరికి దారి వెతికిపెట్టి, బయలుదేరదామా అని ఇంగ్లీషులో అడిగింది. ఆయన వద్దని తెలుగులో చెప్పాడు. శామీర్‌పేట చేరేదాకా అది ఆ ఊరికి దారి చెప్తూనే ఉంది.

జనాన్ని అన్నిటికన్నా కలవరపెట్టింది మాత్రం స్టెప్నీ. డిక్కీ తెరిస్తే స్టెప్నీ లేదు. గాలి మొత్తం పోయినా కొంత దూరం నడిచే రకం టైర్లు కాబట్టి స్టెప్నీ అక్కర్లేదని షోరూమ్ వాళ్లు చెప్పారు. ఈ మాట మేడ్చల్‌లో ఎవరూ నమ్మలేదు. మా వాడకట్టు వాళ్లు వంతులవారీగా వచ్చి, స్టెప్నీ లేని చోటును వంగి చూసి వెళ్లారు. ఆ టైర్లు కూడా చక్రానికి నల్ల రిబ్బన్ చుట్టినట్టు పల్చగా ఉంటాయి. ఇంత పెద్ద బండికి ఇంత చిన్న టైర్లేమిటని అడిగితే, గట్లనే ఉంటయని మా ఆయన అన్నాడు. అంతకుమించి ఆయనకూ తెలియదు.

నాకు డ్రైవింగు వచ్చు. దుండిగల్ అవతలి బడికి పాత చిన్న కారు ఏళ్ల తరబడి నేనే నడుపుకుంటూ పోయాను. ఈ బండి మాత్రం నా చేతికి ఇవ్వలేదు. "గిది నీ బడికి పోయే డబ్బా గాదు టీచరమ్మా, గీత పడ్డదంటే పరేషాన్" అన్నాడు. ఇంట్లో నన్ను టీచరమ్మా అనే పిలుస్తాడు. ముద్దొచ్చినా అదే పిలుపు, కోపమొచ్చినా అదే. కాబట్టి ఈ బండిలో నా చోటు ఎడమ సీటు.

ఏడాది తిరక్కుండానే ఒక పొద్దున చాయ్ తాగుతూ తాగుతూ మా ఆయన గ్లాసు జారవిడిచాడు. మాట ముద్ద ముద్దగా వచ్చింది. జల్దీ తీసుకుపోయాం కాబట్టి సరిపోయింది, చిన్న పక్షవాతమే అన్నారు. కొద్ది రోజుల్లోనే లేచి తిరిగాడు, ఎడమ చేతికి పట్టు కూడా వచ్చింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, ఇరు పక్కలా ఎంతవరకు కనబడుతోందో పరీక్ష చేయించుకునేదాకా బండి నడపవద్దని చెప్పాడు. నేను విన్నాను. మా ఆయన కూడా తల ఊపుతూ విన్నాడు.

"పక్షవాతం కాలుకొస్తది, చెయ్యికొస్తది. కంటికేంది?" అన్నాడు గేటు దాటగానే. మర్నాడు కళ్లద్దాల దుకాణానికి పోయి, గోడ మీద అక్షరాలన్నీ అడుగు వరుస దాకా గడగడా చదివేసి వచ్చాడు. పరీక్ష అయిపోయిందని మాతో చెప్పాడు.

చూడవచ్చిన చుట్టాలు పండ్లు బల్ల మీద పెట్టి, వాకిట్లో ఉన్న బండి వైపు చూసి, గొంతు తగ్గించేవాళ్లు. "అచ్చిరాలేదేమో, అమ్మేయుండ్రి." మా వైపు కొన్ని బండ్లు అచ్చి వస్తాయి, కొన్ని రావు. అచ్చిరాని బండిని ఉంచుకోరు. ఆ మాట మా ఆయనకు పక్షవాతం కన్నా గట్టిగా తగిలింది. బండి అమ్మితే తాను పడిపోయానని ఊరంతా చాటింపు వేసినట్టేనని ఆయన లెక్క. అందుకని అందరికీ కనబడేలా మళ్లీ స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ఆ తర్వాతే టైర్లు పోవడం మొదలైంది. ముందుగా వెనక ఎడమ టైరు పక్కన కోసుకుపోయింది. మా ఆయన మున్సిపాలిటీని తిట్టాడు. తర్వాత ముందు ఎడమ టైరుకు కోడిగుడ్డంత ఉబ్బు వచ్చింది. హైవే వాళ్లను తిట్టాడు. రెండూ తీయించి కొత్తవి వేయిస్తే వాటి పక్కలు కూడా రాచుకుపోయాయి. ఇక తిట్టడానికి టైరు కంపెనీ మిగిలింది. కండ్లకోయ దగ్గర హైవే పక్కన మేము పోయే టైర్ల దుకాణం ఉంది. ఆ దుకాణం ఓనరు బాగా మాటకారి. టైరు చుట్టూ వేలు తిప్పి చూసి, "సార్, గిది గుంతలల్ల పడి అయింది గాదు. ఫుట్‌పాతుకో రాయికో పక్క ఒరుసుకున్నది" అన్నాడు.

"నేనేడ ఒరిపిచ్చిన?" అన్నాడు మా ఆయన.

"మీరు ఒరిపిచ్చిండ్రని నేనంటలేను సార్. టైరు ఒరుసుకున్నదంటున్న."

వ్యాపారం తెలిసినవాడి మాట అది. మా ఆయనకు నచ్చింది. ఇంకో రెండు టైర్లు అక్కడే వేయించాడు.

బండికి మాత్రం వ్యాపారం తెలియదు. ఎడమ వైపు ఏదైనా దగ్గరికి వస్తే కూత పెడుతుంది. రోడ్డు మీద గీత దాటి ఎడమకు జరిగితే స్టీరింగు వణుకుతుంది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా దారి పొడుగునా కూస్తూ వణుకుతూ పోయేది. అప్పుడప్పుడు తెర మీద కాఫీ కప్పు బొమ్మ వేసి, మీరు అలసిపోయారు, కాసేపు ఆగండి అని రాసేది. "నేను చాయ్ తాగెటోన్ని. గిన్ని తెలిసిన బండికి గదొక్కటి తెల్వది" అని మా ఆయన ఆ బొమ్మను వేలితో తీసేసేవాడు. ఎడమ పక్క సెన్సార్లు ఖరాబయ్యాయని సర్వీసు సెంటరుకు పంపాడు. వాళ్లు బండికి కంప్యూటరు తగిలించి చూసి, అన్నీ బాగానే ఉన్నాయని తిప్పి పంపారు. "కంప్యూటరు గూడ వాళ్లదే గద, వాళ్ల దిక్కే చెప్తది" అన్నాడు.

అప్పుడు మా అత్తమ్మ తీర్పు చెప్పింది. ఆమెది పెద్ద వయసు, మాతోనే ఉంటుంది, ఇంట్లో దిష్టికి సంబంధించిన వ్యవహారాలన్నీ ఆమె చేతిలో ఉంటాయి. "ఎడమ దిక్కంటె ఆడిదాని దిక్కు. పీటల మీద పెండ్లాం ఏ దిక్కు గూసుంటది? ఎడమకే గద. కోడలు గంత పెద్ద బండ్ల అద్దం కాడ కూసోని బజార్లకెల్లి పోతాంది. ఎవలి కండ్లో తాకినయి. మనిషికి తాకవలసింది టైర్లకు తాకుతాంది" అన్నది. టైర్లు నన్ను కాపాడుతున్నాయన్న మాట. ఆమె అభిమానంతోనే అన్నది గానీ, ఇంట్లో పోయిన టైర్లన్నీ నా ఖాతాలో పడ్డాయి.

ఆ రోజు నుంచి ప్రతి మంగళవారం ఎడమ పక్క రెండు టైర్లకు మాత్రమే నిమ్మకాయలు. నా చుట్టూ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యి మీద వేసేది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిదని అర్థం. ఘాటు రాలేదు. పొయ్యి మీద చిమ్నీ నడుస్తోంది కాబట్టి రాలేదని నేను చెప్పాను. "చూసినవా, చిమ్నీని గూడ మించింది" అన్నది. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి, ఆఖరుకు టైర్లకు దిష్టి తగిలించే మనిషినయ్యాను.

మా ఆయనకు దిష్టి మీద సగం నమ్మకమే. టైర్ల మీద అనుమానం మాత్రం పూర్తిగా ఉంది. ఎడమ పక్కవి కుడికి, కుడి పక్కవి ఎడమకు మార్పించి, "ఇగ తెలుస్తది" అన్నాడు. తెలిసింది. బుద్ధిమంతులైన టైర్లు ఎడమకు వచ్చిన కొద్ది రోజులకే పక్కలు చెక్కుకున్నాయి. కుడికి పోయినవి ఏ గొడవా లేకుండా తిరిగాయి. టైర్లు దిక్కు మారాయి గానీ దెబ్బ దిక్కు మార్చుకోలేదు. ఇంతకన్నా ఏం కావాలి? కానీ ఇంట్లో ఎవరికీ నా లెక్క అక్కర్లేదు. అత్తమ్మ మాత్రం, నేను చెప్పలేదా ఎడమ దిక్కే అని అన్నది.

ఆ ఎడమ దిక్కు ఎలా ఉంటుందో నాకు తెలుసు, నేను కూర్చునేది అక్కడే. ఆగి ఉన్న షేర్ ఆటో, జామకాయల బండి, సైకిలు మీద పోయే మనిషి, అన్నీ నా అద్దాన్ని రాసుకుంటూ పోయేవి. కండ్లకోయ దగ్గర కాలేజీ బస్సు దిగిన పిల్లలు రోడ్డు వార నడుస్తుంటే నా కాలు బ్రేకు తొక్కేది. నా వైపు బ్రేకు లేదు. "ఎడమకు చూడుండ్రి" అని అరిచేదాన్ని. "ఒకదిక్కు గీ బండి, ఒకదిక్కు నువ్వు. ఎవలి మొత్తుకోలు ఇనాలె?" అని ఆయన విసుక్కునేవాడు. ఆయన డ్రైవింగు పాడైందని, పెద్ద బండి గర్వం తలకెక్కి చూసుకోవడం మానేశాడని నేను అనుకున్నాను. నేనూ తప్పే అనుకున్నాను.

సంగతి తేలింది అన్నం దగ్గర. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎప్పటిలాగే కంచంలో ఎడమ పక్క మామిడికాయ తొక్కు, కుడి పక్క బెండకాయ కూర, మధ్యలో అన్నం పప్పు వడ్డించాను. ఆయన కూరతో తిన్నాడు, పప్పుతో తిన్నాడు, కుడి సగం శుభ్రంగా తుడిచి, ఎడమ సగం అలాగే ఉంచి, "ఇయ్యాల తొక్కెయ్యలేదేంది?" అని అడిగాడు.

ఎకసెక్కాలు అనుకున్నాను. "కంచంలనే ఉన్నది."

ఆయన కంచం వైపు చూశాడు. "యాడుంది?"

నేను కంచాన్ని సగం చుట్టు తిప్పాను. తొక్కు కుడి పక్కకు వచ్చింది. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, "ఇప్పుడేసినవ్" అన్నాడు.

ఆయన అబద్ధం ఆడటం లేదు. ఇన్నేళ్లు కాపురం చేసినదాన్ని, ఆయన అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. చెవులు మామూలుగా ఉన్నాయి. అప్పుడు నాకు భయమేసింది. చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆసుపత్రికి ఫోను చేశాను. డాక్టరు ఓపికగా చెప్పాడు. "కంటికి జబ్బు లేదమ్మా. ఎడమ వైపున్నదాన్ని మెదడు తీసుకోవటం లేదు. అటు చీకటిగా ఉండదు, మసకగా కూడా ఉండదు. అటు ఒక పక్క ఉందన్న సంగతే ఆయనకు తోచదు. అందుకే ఆయనకు ఏ లోటూ తెలియదు. కొందరికి మెల్లగా తగ్గుతుంది. అప్పటిదాకా మాత్రం స్టీరింగు ముట్టుకోనివ్వకండి."

మా ఆయనకు చెప్పాను. "డాక్టరు ఫోన్ల నా కన్ను జూసిండా?" అన్నాడు. అయితే పోయి చూపించుకుందాం రమ్మన్నాను. రానన్నాడు. సరే, కొన్నాళ్లు డ్రైవరును పెట్టుకుందామన్నాను. దానికి ఆయన అరుస్తాడని సిద్ధంగా ఉన్నాను. అరవలేదు.

"ప్లాటు కొనెటోడు మట్టిని చూసి కొనడు టీచరమ్మా, నన్ను చూసి కొంటడు" అన్నాడు. "నేను పక్క సీట్లకెల్లి దిగితె, ఏమాయె పటేలా అంటడు. గీయన రిజిస్ట్రేషన్ దాంక ఉంటడా అని మనసుల అనుకుంటడు. నేను బండి నడిపినన్ని రోజులే నేను మంచిగున్నట్టు. గంతే."

జాలేసింది, కోపమూ వచ్చింది, ఏది ముందో చెప్పలేను. మీరు మంచిగున్నట్టు కనబడటానికి రోడ్డు వార నడిచేవాళ్లు చావాలా అని అడిగాను. ఆయన లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లి, చాలాసేపు కడుక్కుంటూనే ఉన్నాడు.

తాళంచెవి దాచాను. ఈ బండి ఫోనుతో కూడా తెరుచుకుంటుందని అప్పుడు తెలిసింది. ఫోను దాచాను. ఇంట్లో ఇంకో తాళంచెవి ఉందని తెలిసింది. అత్తమ్మతో చెప్పాను, కొడుకుకు ఆమె చెప్తే వింటాడని. "నా కొడుకు కండ్లకేంది? దూరంల ఉన్న మనిషిని గూడ గుర్తువడుతడు" అని, ఆ మంగళవారం టైరుకు ఒకటి చొప్పున నిమ్మకాయలు పెంచింది.

ఇక నాకు తోచింది ఒక్కటే. ఆయన ఎక్కడికి బయలుదేరినా ముందే పోయి ఎడమ సీట్లో కూర్చోవడం. ఎడమ పక్క ఏముందో నోటితో చెప్తూ పోయేదాన్ని. ఆటో. గేదె. మనిషి. ఇంకో మనిషి. ఆగుండ్రి. ఇరవై నాలుగు గంటల వార్తల మనిషిలాగా నా నోరు ఎండిపోయేది. ఆయన అటు చూసేవాడు కాదు, బదులు చెప్పేవాడు కాదు, ముందుకు చూస్తూ నడిపేవాడు. నా మీద కోపంతో చూడటం లేదనుకునేదాన్ని. ప్లాట్లు వేసిన వెంచరుకు వచ్చేవాళ్లు నన్ను వ్యాపారంలో భాగస్తురాలనుకుని ప్లాటు ముఖం ఏ దిక్కు అని నన్నే అడిగేవాళ్లు.

నేను ఎంత చెప్పినా ఒకసారి నా మాట అందుకోలేకపోయాడు. మేడ్చల్ బజారులో జామకాయల బండికి ఎడమ అద్దం కొట్టుకుంది. కాయలు రోడ్డు మీద దొర్లాయి. కాయలమ్మే ఆమె గబుక్కున వెనక్కి జరగబట్టి సరిపోయింది. మా ఆయన అలాగే ముందుకు పోతూ, "ఏదో సప్పుడయింది. టైరు మల్ల పోయిందా?" అన్నాడు. బలవంతంగా ఆపించి, దిగి వెనక్కి పోయి, ఆమెతో పాటు నేనూ కాయలు ఏరాను. "గంత పెద్ద కారు, కండ్లు లేవా అక్కా?" అన్నది ఆమె. లేవని చెప్పలేదు. చెప్పవలసింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే కండ్లకోయలో మళ్లీ ఎడమ పక్కకు రెండు కొత్త టైర్లు పడ్డాయి. దుకాణం ఓనరు మాకు చాయ్ తెప్పించాడు. అంత తరచుగా వచ్చే గిరాకీ ఆయనకు ఇంకెవరూ లేరు. అక్కడి నుంచి నేరుగా శామీర్‌పేట వైపు వెంచరుకు పోయాం. సాయంత్రం ప్లాటు చూడటానికి ఎవరో వస్తున్నారు. వెంచరులో ఇంకా తారు పడలేదు, కంకర రోడ్లు, రెండు వైపులా ప్లాట్ల హద్దు రాళ్లు. ఎండ మండుతోంది, చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. లోపలికి తిరిగే చోట మా ఆయన బండి ఆపాడు.

"టీచరమ్మా, జెర దిగి ముంగట నడువు. ఎడమ దిక్కు రాళ్లేమన్న ఉన్నయేమో జూసి చెప్పు. కొత్త టైర్లు."

దిగాను. ఎడమ వైపు ముందు నడుస్తూ, కుడికి, ఇంకా కుడికి అని చేత్తో చూపిస్తూ పోయాను. కొంత దూరం పోయాక ఒక హద్దు రాయి రోడ్డు మీదికి ఒరిగి ఉంది. అందులోంచి ఇనుప చువ్వ బయటికి పొడుచుకొచ్చి ఉంది. నేను ఆగి, వెనక్కి తిరిగి, చెయ్యెత్తి "ఆగుండ్రి" అన్నాను.

బండి ఆగలేదు. మెల్లగా వస్తోంది. అద్దాలు మూసి ఉన్నాయి, నా మాట వినబడి ఉండదు. ముందు అద్దంలోంచి ఆయన ముఖం కనబడుతోంది. నిమ్మళంగా ఉన్నాడు, కుడి పక్క రాళ్లకు తగలకుండా జాగ్రత్తగా చూసుకుంటూ నడుపుతున్నాడు. నేను ఎడమ లైటుకు ఎదురుగా ఉన్నాను. పక్కకు జరగవచ్చు, జరగడానికి చోటుంది. జరగలేదు. చూస్తాడనుకున్నాను. రాళ్లను చూడడు, ఆటోలను చూడడు, సరే. నన్ను చూస్తాడనుకున్నాను.

బండి తనే కూత పెట్టి, తనే బ్రేకు వేసుకుని, ఒక్క కుదుపుతో ఆగింది. బంపరు నా కుచ్చిళ్లను తాకింది.

మా ఆయన తన వైపు అద్దం దించి, తల బయటికి పెట్టి, కుడి దిక్కున ఖాళీ ప్లాట్ల వైపు గట్టిగా పిలిచాడు. "టీచరమ్మా, యాడికి పోయినవ్? గీ బండి ఉత్తగనే ఆగిపోయింది. ముంగట ఏమన్న ఉన్నదా?"

నేను కుచ్చిళ్లకు ఆనిన బంపరు వైపే చూస్తున్నాను. ఆయన ఇంకోసారి పిలిచాడు. ఈసారి గొంతులో గాబరా ఉంది.

"ఈడనే ఉన్న" అన్నాను.

మాట వచ్చిన దిక్కుకు తల తిప్పాడు. ఇంకా తిప్పాడు. అప్పుడు కనబడ్డాను. ఆయన ముఖం పాలిపోయింది.

బండి ఆపేసి దిగాడు. బానెట్ మీద చెయ్యి పెట్టి, దాన్ని పట్టుకుంటూ చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చాడు. బంపరును చూశాడు, నా మోకాళ్లను చూశాడు. కుచ్చిళ్లకు దుమ్ము అంటింది. వంగి దాన్ని చేత్తో దులిపాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నా చీర దులపడం ఎన్నడూ ఎరగను.

"నాకు కనబడలే" అన్నాడు.

"తెలుసు."

నిటారుగా నిలబడ్డాడు. "ఆ రోజు కంచంల తొక్కు ముందే ఏసినవా?"

"ముందే వేసిన."

తల ఊపాడు. ఫోను తీసి, సాయంత్రం రావలసినవాళ్లకు చేశాడు. రేపు రండ్రి అన్నాడు. వాళ్లు ఎందుకని అడిగినట్టున్నారు. "కన్ను బాగలేదు. పక్షవాతమొచ్చి పోయింది, ఒక దిక్కు కనబడతలేదు. రేపు మా టీచరమ్మ తోల్కొస్తది" అన్నాడు. అవతలివాళ్లు ఏమన్నారో నాకు తెలియదు. ఆయన ఫోను జేబులో వేసుకుని, ఎడమ తలుపు తెరుచుకుని కూర్చున్నాడు.

నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. సీటు ఆయన పొడుగుకు ఉంది, కాళ్లు అందలేదు. ముందుకు జరిపే బటన్ ఆయనే చూపించాడు. మెల్లగా వెనక్కి తీసి, వెంచరు దాటి, మేడ్చల్ దారిలో పడ్డాను. బండి కూయలేదు. నేను రోడ్డు చూస్తున్నాను, ఆయన నన్ను చూస్తున్నాడు. చాలా దూరం అలాగే చూస్తూ ఉన్నాడు.

"ఏంది, నడుపుడు మంచిగ లేదా?" అన్నాను.

"గది గాదు" అన్నాడు. "ఇన్ని రోజులు బండ్ల నీ గొంతొక్కటే ఇనబడుతుండె. మనిషివి లేకపోతుంటివి. నా మీద కోపానికొచ్చి ఎన్క సీట్ల కూసుంటున్నవనుకున్న. అడిగితే ఇంకింత కోపమొస్తదని అడగలే."

"నేను ఒక్కరోజు గూడ ఎన్క కూసోలే" అన్నాను.

"ఇగ కనబడుతున్నవ్ తియ్" అన్నాడు.

ఏడుపు ఆగలేదు. ఇద్దరిలో ఒకరికైనా రోడ్డు కనబడాలి కాబట్టి, కళ్లు తుడుచుకునేదాకా బండి పక్కకు ఆపాను.